సరయేవో హత్య ఒక్కటే మొదటి ప్రపంచ యుద్ధానికి కారణమా?

ప్రశ్న: 1914 జూన్ 28న సరయేవోలో దారి తప్పిన కారును డ్రైవరు వెనక్కి తిప్పబోయి ఆపినచోటే సెర్బు జాతీయవాది గవ్రిలో ప్రిన్సిప్ నిలబడి ఉన్నాడు. ఆ కారులో ఉన్న ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ అతని చేతిలో హత్యకు గురయ్యాడు. ఆ ఒక్క హత్యకు యూరప్ అంతా ఎందుకు తగలబడింది?

జవాబు: హత్య నిప్పురవ్వ మాత్రమే. జర్మనీ అండ ఉందన్న భరోసాతో ఆస్ట్రియా, హత్య వెనుక సెర్బియా ఉందంటూ జులై 23న ఆ దేశానికి 48 గంటల గడువుతో తాఖీదు పంపి, జవాబు చాలావరకు అనుకూలంగానే వచ్చినా 28న యుద్ధం ప్రకటించింది. నా దృష్టిలో అసలు తప్పు ఆ భరోసా ఇవ్వడమే.

మరో జవాబు: జర్మనీ ఒక్కదాన్నే తప్పుపట్టలేము. సెర్బియాకు అండగా జులై 30న రష్యా సర్వసైన్య సమీకరణకు ఆజ్ఞ ఇచ్చింది. రష్యా సన్నద్ధం కాకముందే దాని మిత్రదేశం ఫ్రాన్స్‌ను ఓడించాలన్న జర్మన్ పథకం రైళ్ల వేళలతో సహా సిద్ధంగా ఉండడంతో సేనలు ఫ్రాన్స్‌కు దారిగా తటస్థ దేశమైన బెల్జియంలోకి నడిచాయి, దాంతో ఆగస్టు 4న బ్రిటన్ కూడా దిగింది.

ప్రశ్న అడిగినవారు: అయితే యుద్ధం తర్వాత జర్మనీతో కుదిరిన వర్సెయి సంధి 231వ అధికరణం బాధ్యతనంతా జర్మనీ, దాని మిత్రదేశాలపైనే మోపడం సబబేనా? దానిపై సంతకాలు జరిగింది కూడా 1919 జూన్ 28నే!