కోవిడ్ తగ్గాక పెద్దవాళ్లకు వచ్చే ఎంఐఎస్-ఎ (ఒకేసారి చాలా అవయవాల్లో వాపు వచ్చే జబ్బు): ఎవరికైనా అనుభవం ఉందా?

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు. మా తమ్ముడికి 34 ఏళ్లు, బీపీ, షుగర్ ఏమీ లేవు. కోవిడ్ మామూలు జలుబులాగే వచ్చి పోయింది. నెల దాటాక ఉన్నట్టుండి తగ్గని జ్వరం, ఎర్రబడ్డ కళ్లు, ఒళ్లంతా దద్దుర్లు, కడుపునొప్పి, విరేచనాలు. మన వైపు ఇలాంటి జ్వరమంటే ముందు డెంగీ, స్క్రబ్ టైఫస్ చూస్తారు కదా, రెండూ నెగెటివ్. బీపీ పడిపోతే ఐసీయూలో పెట్టారు. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి, కానీ సీఆర్‌పీ, ఫెరిటిన్ (ఒంట్లో వాపును చూపేవి), ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే పెరిగేది) బాగా ఎక్కువ, ఎకోలో (గుండె స్కాన్) గుండె పంపింగ్ 35 శాతమే. చివరికి ఎంఐఎస్-ఎ అని తేల్చారు. వైరస్ పోయాక కూడా రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి సొంత అవయవాల మీదే పడుతుందట. ఇది పిల్లలకే వస్తుందనుకునేవాళ్లం.

స్టెరాయిడ్లు, ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే యాంటీబాడీల మందు) ఇచ్చాక కోలుకున్నాడు. పంపింగ్ 55కి వచ్చింది. స్టెరాయిడ్ మాత్రలు మెల్లగా తగ్గిస్తున్నారు. వాటివల్ల షుగర్ పెరిగింది, అదొక టెన్షన్.

ఇది వచ్చి తగ్గినవాళ్లు చెప్పండి: ఆయాసం, నీరసం ఎన్నాళ్లకు పోయాయి? గుండె వాపు వచ్చినవాళ్లు మూడు నుంచి ఆరు నెలలు బరువు పనులు చేయకూడదంటారు, వీడేమో మామిడికాయల లోడింగ్ పని. పైగా అలిపిరి మెట్లెక్కుతానని అమ్మ వీడి పేరున మొక్కేసింది, వీడూ తోడు వెళ్తానంటున్నాడు! తర్వాత చెకప్‌లకు తిరుపతి స్విమ్స్‌లో గుండె డాక్టర్ చాలా, లేక వేలూరు సీఎంసీలో రుమటాలజీ (కీళ్లు, రోగనిరోధక వ్యవస్థ జబ్బులు చూసే) వాళ్లకు కూడా చూపించాలా? మళ్లీ కోవిడ్ వస్తే ఇది తిరగబెట్టిందా మీలో ఎవరికైనా?