పాత కారుకు రొక్కం ఇస్తే ధర ఇంకా తగ్గుతుందా?

కందనవోలు వాసి (కర్నూలు):
సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో ఎంతకీ తేలని ప్రశ్నను మీ ముందు పెడుతున్నాను. 2019 మోడల్ పెట్రోలు స్విఫ్ట్ కార్లు రెండు చూశాము. ఒకటి నంద్యాల చెక్‌పోస్టు దగ్గర ఉండే ఒక ఉద్యోగిది. ఆయన 4,90,000 రూపాయలు అడుగుతున్నారు. రెండవది బళ్లారి రోడ్డులోని పాత కార్ల వ్యాపారి దగ్గర ఉంది. దాని ధర 5,20,000. మా దగ్గర దాచుకున్నవి ఐదు లక్షలు ఉన్నాయి. నోట్ల కట్టలు ఎదుట పెడితే ఎవరైనా ముప్పై వేలు దిగివస్తారని మా నాన్నగారు అంటున్నారు. వ్యాపారి మాత్రం రొక్కానికి రూపాయి కూడా తగ్గించనని, ఫైనాన్స్ తీసుకుంటే పది వేలు తగ్గిస్తానని చెప్పారు. మొత్తం ఒకేసారి ఇస్తామన్నవారికి తగ్గించకుండా, అప్పు చేసేవారికి తగ్గించడం ఏమిటో నాకు బోధపడలేదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

బుడ్డల చేను (కల్యాణదుర్గం):
మీ నాన్నగారి మాటే సరైనది. నేను ట్రాక్టరు కొన్నా, కారు కొన్నా, ఎద్దులు కొన్నా రొక్కంతోనే కొన్నాను. ప్రతిసారీ చెప్పిన ధరకు తక్కువకే బేరం కుదిరింది. అమ్మేవారికి ఒక అవసరం ఉంటుంది. పిల్లల కళాశాల ఫీజో, ఆసుపత్రి ఖర్చో, కొత్త కారుకు కట్టవలసిన మొదటి సొమ్మో ఉంటుంది. అటువంటివారికి బ్యాంకు మంజూరు చేస్తుందో లేదో తెలియని నలుగురు కొనుగోలుదారులకంటే, సాయంత్రానికే మొత్తం డబ్బు చేతిలో పెట్టగలిగిన ఒక్కరు ఎక్కువ. వ్యాపారి దగ్గరకు వెళ్లడమే అనవసరం. ఉద్యోగి ఇంటికి డబ్బు తీసుకుని వెళ్లండి, నాలుగు లక్షల అరవై వేల దగ్గర మొదలుపెట్టండి, తొందరపడకండి.

పద్దు పుస్తకం (కడప):
నేను ఒక ఆడిటరు కార్యాలయంలో పని చేస్తాను కనుక ఈ విషయంపై కొంత వివరంగా రాయవలసి వస్తోంది.

మొదటిది, వ్యాపారి సంగతి. కొనుగోలుదారుడు ఫైనాన్స్ తీసుకుంటే, ఆ అప్పును కుదిర్చినందుకు ఫైనాన్స్ సంస్థ నుంచి వ్యాపారికి కమిషన్ వస్తుంది. బీమా కూడా ఆయన ద్వారానే చేయిస్తే అందులోనూ కొంత మిగులుతుంది. అంటే అప్పు చేసే కొనుగోలుదారుడి వల్ల ఆయనకు కారు మీద లాభం కాక మరొక ఆదాయం ఉంటుంది. పూర్తి డబ్బు తెచ్చినవారి వల్ల అది రాదు. పైగా అప్పు మంజూరైతే ఫైనాన్స్ సంస్థ సొమ్మును నేరుగా వ్యాపారి ఖాతాకే పంపుతుంది కనుక ఆయనకు ఎదురుచూపు కూడా పెద్దగా ఉండదు. మీకు ఇస్తానన్న పది వేలు ఆ కమిషన్‌లోని భాగమే. దానిని మీరు వడ్డీ రూపంలో తిరిగి కడతారు.

రెండవది, నోట్ల సంగతి. ఆదాయపు పన్ను చట్టంలో 2017 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం, ఒక వ్యక్తి నుంచి ఒక రోజులో గాని, ఒకే లావాదేవీకి సంబంధించి గాని రెండు లక్షలు, అంతకు మించి నగదుగా ఎవరూ తీసుకోకూడదు. తీసుకుంటే, తీసుకున్నవారికి అంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. సోమవారం లక్షన్నర, మంగళవారం లక్షన్నర ఇచ్చినా లావాదేవీ ఒక్కటే కనుక నిబంధన ఉల్లంఘించినట్టే. నాలుగున్నర లక్షల కట్టలు తీసుకుని వెళ్లమని సలహా ఇవ్వడం అంటే, ఆ ఉద్యోగిని చిక్కులోకి నెట్టమని చెప్పడమే.

హంద్రీ గట్టు:
ప్రభుత్వ ఉద్యోగి అయితే అంత నగదు ముట్టుకోరు. తరువాత బ్యాంకులో వేసేటప్పుడు ఎక్కడిదో చెప్పుకోవాలి.

బుడ్డల చేను:
వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు. కాయలు అమ్మితే వచ్చిన డబ్బు అది. పన్నే లేనివారికి ఆదాయపు పన్ను చట్టంలోని నిబంధన ఎలా వర్తిస్తుందో పద్దు పుస్తకం గారు చెప్పాలి.

పద్దు పుస్తకం:
నిబంధన డబ్బు పుచ్చుకునేవారి మీద ఉంది. మీ ఆదాయానికి పన్ను ఉందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. మీరు రైతు కావచ్చు, ఉద్యోగి కావచ్చు. మీ చేతి నుంచి రెండు లక్షలు నోట్లుగా అందుకున్న అమ్మకందారుడు జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

బుడ్డల చేను:
నేను కొన్న కార్లకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పుకోలేదు. చట్టం పుస్తకంలో ఉంది, బేరం వాకిట్లో జరుగుతుంది. ప్రశ్న అడిగినవారు ధర తగ్గుతుందా అని అడిగారు. తగ్గుతుంది. దానికి మాత్రం మీరు సమాధానం ఇవ్వడం లేదు.

ఏడు రోడ్ల కూడలి (కడప):
రొక్కంతో జరిగిన బేరం వల్ల నష్టపోయినవాడిని కనుక రాస్తున్నాను. నా పాత కారును ఒక మధ్యవర్తి ద్వారా అమ్మాను. ఆయన మొత్తం నోట్లుగా ఇచ్చారు, కారును మరొకరి పేరుకు మార్చడానికి పెట్టే ఫారం 29, ఫారం 30 మీద ఖాళీగానే సంతకాలు చేయించుకున్నారు, కారు తీసుకుని వెళ్లారు. డబ్బు చేతికి వచ్చింది కదా అని నేను రసీదు గురించి పట్టుబట్టలేదు. ఆ తరువాత కారు ఎన్ని చేతులు మారిందో తెలియదు, రిజిస్ట్రేషన్ పత్రం (ఆర్.సి.) మాత్రం నా పేరు మీదనే ఉండిపోయింది. మొదట చలానాలు వచ్చాయి. తరువాత ప్రమాదం కేసులో నోటీసు వచ్చింది. నేను అమ్మేశానని చెప్పడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు. మధ్యవర్తి తనకు సంబంధం లేదన్నారు. చేతులు ఎన్ని మారినా ఆర్.సి.లో పేరు ఉన్నవారే యజమాని అని, ప్రమాద పరిహారం బాధ్యత వారిదేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ తీర్పును చదివి నేను ఎన్ని రాత్రులు నిద్రపోలేదో నాకు తెలుసు. అదే డబ్బు బ్యాంకు ద్వారా వచ్చి ఉంటే, ఎవరు ఇచ్చారో, ఏ తేదీన ఇచ్చారో ఖాతాలో ఉండేది.

బుడ్డల చేను:
మీకు జరిగినది బాధాకరమే. కాని అది పేరు మార్పించకపోవడం వల్ల జరిగింది, రొక్కం వల్ల కాదు. రాష్ట్రంలోపల అమ్మినప్పుడు అమ్మినవారు పద్నాలుగు రోజులలోగా రవాణా శాఖకు తెలియజేయాలి. ఆ పని మీరు చేసి, పేరు కూడా మార్పించి ఉంటే, నోట్లు తీసుకున్నా మీకు ఇబ్బంది ఉండేది కాదు. బ్యాంకు ద్వారా డబ్బు వచ్చినంత మాత్రాన ఆర్.సి. దానంతట అది మారదు.

ఏడు రోడ్ల కూడలి:
మారదు, నిజమే. కాని నా డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూపగలిగితే ఆ మధ్యవర్తి అంత ధైర్యంగా తనకు సంబంధం లేదని అనగలిగేవాడా? అసలు ఆయన నోట్లే ఇస్తానని పట్టుబట్టింది ఎందుకని మీరు అనుకుంటున్నారు?

ఆదోని పత్తి:
అనంతపురం, కర్నూలు వైపు బెంగళూరు, హైదరాబాదు బండ్లు చాలా వస్తాయి. ధర తక్కువ కనిపిస్తుంది గాని, అక్కడి రవాణా శాఖ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్.ఓ.సి.) తెచ్చుకుని ఇక్కడ జీవితకాల పన్ను మళ్లీ కట్టాలి. రొక్కానికి తగ్గే పది, ఇరవై వేలు దాని ముందు నిలవవు. మీరు చూసినవి మన రాష్ట్రం నెంబర్లేనా?

కందనవోలు వాసి:
రెండూ మన రాష్ట్రానివే. ఉద్యోగి కారు మీద పాత అప్పు ఉండేది. తీరిపోయిందని బ్యాంకు పత్రం చూపించారు గాని, ఆర్.సి.లో బ్యాంకు పేరు ఇంకా తీసివేయించలేదు.

పద్దు పుస్తకం:
అయితే ఆర్.సి. నుంచి బ్యాంకు పేరు తీసివేయించే ఫారం 35 మీద బ్యాంకు సంతకం, అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చే పత్రం చేతికి వచ్చేంతవరకు ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు. రొక్కం పట్టుకుని వెళ్లేవారు సాధారణంగా తప్పు చేసేది ఇక్కడే. ధర తగ్గిందన్న సంతోషంలో కాగితాలు తరువాత చూసుకుందామనుకుంటారు. బుడ్డల చేను గారు ఇన్నిసార్లు నోట్ల గురించి పట్టుబట్టడం చూస్తుంటే, లెక్కలోకి రాని డబ్బును ఖర్చు పెట్టడానికే ఈ పద్ధతి అనువుగా ఉంటుందని చెప్పక తప్పడం లేదు.

బుడ్డల చేను:
మాట జాగ్రత్తగా రాయండి, అమ్మా. నా డబ్బు లెక్కలోకి రానిది కాదు, పద్నాలుగు ఎకరాల మెట్ట భూమిలో వానను నమ్ముకుని తీసినది. ఎందుకు పట్టుబడుతున్నానో మీకు తెలియాలంటే వినండి. మా అన్న ఒక ఫైనాన్స్ సంస్థ దగ్గర అప్పు చేసి జీపు కొన్నాడు. వానలు లేక బుడ్డలు (వేరుశనగ) ఎండిపోయిన ఏడాది కంతులు ఆగాయి. వారి మనుషులు పండుగనాడు ఊరంతా చూస్తుండగా మా వాకిట్లో నుంచి ఆ జీపును తోలుకుని పోయారు. అప్పటికి సగంకంటే ఎక్కువే కట్టి ఉన్నాడు. దానిని ఎంతకు అమ్మారో చెప్పలేదు, పైగా ఇంకా బాకీ ఉందని కాగితం పంపారు. మా అమ్మ ఆ తరువాత చాలాకాలం గడప దాటి బయటకు రాలేదు. నోట్లా, బ్యాంకు ద్వారానా అన్నది నాకు ముఖ్యం కాదు. బ్యాంకు ద్వారా పంపమంటే పంపుతాను. వాకిట్లో నిలిచిన బండి మీద మరొకరికి హక్కు ఉండకూడదు, అంతే. వ్యాపారి పది వేలు ఆశ చూపి ఈ కుటుంబాన్ని అప్పులోకి దింపుతున్నాడు. దానిని మీరెవరూ తప్పని అనడం లేదు.

హంద్రీ గట్టు:
ఇంతసేపూ ఈ మాట దగ్గరకే రావలసింది. అసలు తగవు నోట్ల గురించి కాదు.

పద్దు పుస్తకం:
అయితే మన భేదం ఇప్పుడు తేటపడింది. డబ్బు పంపే పద్ధతి గురించి ఇద్దరికీ అభ్యంతరం లేదు. ఉన్న ఐదు లక్షలూ కారుకే పెట్టాలా అన్నదే ప్రశ్న. నా అభిప్రాయం పెట్టకూడదనే. మన జిల్లాలలో అవసరం చెప్పి రాదు. ఉన్నదంతా కారుకు పోసిన ఇంటికి ఆరు నెలల తరువాత ఆసుపత్రి ఖర్చు వస్తే, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకోవలసిందే. మూడు లక్షలకు ఆ లెక్కన ఏడాది వడ్డీ 72,000 రూపాయలు. అదే మూడు లక్షలను, కట్టినకొద్దీ తగ్గే బాకీ మీద 14 శాతం వడ్డీతో మూడేళ్లకు కారు అప్పుగా తీసుకుంటే, మూడేళ్లూ కలిపి వడ్డీ సుమారు 69,000. ఊరిలో ఒక్క ఏడాది కట్టేది బ్యాంకుకు మూడేళ్లు కట్టేదానికంటే ఎక్కువ. చేతిలో కొంత మిగుల్చుకోవడం పిరికితనం కాదు.

బుడ్డల చేను:
మీ లెక్క కాగితం మీద బాగుంది. కాని వ్యాపారి దగ్గర మీ 14 శాతం అని చెప్పరు. ‘ఎనిమిది శాతమే’ అంటారు, అది ఫ్లాట్ వడ్డీ అని చెప్పరు. మూడు లక్షలకు మూడేళ్లకు వడ్డీ 72,000 వేసి, 36 కంతులుగా పంచి నెలకు 10,333 రూపాయలు కట్టమంటారు. కంతు కంతుకూ అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు మొత్తం మీదనే. మా అన్నకు జరిగింది అదే. ఇంకొక మాట. మీరు చెప్పిన ఆసుపత్రి అవసరం వస్తుందో లేదో తెలియదు. కారు కంతు మాత్రం ప్రతి నెలా తప్పకుండా వస్తుంది. రాని అవసరానికి ఇప్పటి నుంచే వడ్డీ కట్టమంటున్నారు.

పద్దు పుస్తకం:
ఫ్లాట్ వడ్డీ విషయంలో మీరు చెప్పినది అక్షరాలా నిజం; ఆ ఎనిమిది శాతం తగ్గే బాకీ లెక్కన దాదాపు 14.5 శాతం అవుతుంది. అందుకే అప్పు తీసుకునేవారు వ్యాపారి చూపించినచోట కాక, తమకు ఖాతా ఉన్న బ్యాంకులో విడిగా అడగాలి. అయినా అవసరం వస్తుందో లేదో తెలియదన్న మాటను నేను ఒప్పుకోలేను. వానే ఏ ఏడాది వస్తుందో తెలియని నేల ఇది.

కందనవోలు వాసి:
ఇద్దరికీ ధన్యవాదాలు. నిన్న ఉద్యోగి గారితో మాట్లాడాము. మొత్తం డబ్బు సిద్ధంగా ఉందని, బ్యాంకు ద్వారా ఒకేరోజు పంపుతామని చెప్పాను. 4,72,000కు ఒప్పుకున్నారు. నోట్లు వద్దని ఆయనే అన్నారు. అప్పు విషయం ఇంకా తేలలేదు; మా శ్రీమతి పద్దు పుస్తకం గారి పక్షం, నాన్నగారు బుడ్డల చేను గారి పక్షం. ఇప్పుడు నాకు తెలియవలసినది ఒక్కటే: బ్యాంకు పేరు తీసివేయించి ఆర్.సి. మా పేరు మీదకు మారేంతవరకు కొంత సొమ్ము ఆపుకోవచ్చా?

పద్దు పుస్తకం:
ఆపుకోవాలి. ఇరవై, ముప్పై వేలు ఆపి, ఆ మాటను తేదీతో, ఇద్దరి సంతకాలతో అమ్మకం పత్రంలో రాసుకోండి. మిగిలినది ఖాతా నుంచి ఖాతాకు పంపే ఆర్.టి.జి.ఎస్. ద్వారా పంపండి, రెండు లక్షలకు పైబడిన సొమ్ముకు అది తగినది, ఇప్పుడు రోజంతా పని చేస్తుంది. ఖాతా నెంబరు ఒకటికి రెండుసార్లు సరిచూసుకోండి, పంపిన డబ్బును వెనక్కి తెప్పించుకోవడం చాలా కష్టం. బీమాను కూడా పద్నాలుగు రోజులలోగా మీ పేరుకు మార్పించుకోండి.

బుడ్డల చేను:
ముప్పై వేలు ఆపితే ఆయన ఒప్పుకోరు, ఇరవై అడగండి. ఫారం 29, 30 మీద ఆయన సంతకాలు పెట్టేటప్పుడు మీ పేరు, తేదీ అక్కడికక్కడే రాయించండి. అప్పు మాత్రం చేయవద్దు.