ఫ్రిజ్ రాదు, క్యాన్సిల్ మాత్రం మనమే చేసుకోవాలట. ఏం చేయాలి?

ఉండేది చిక్కడపల్లిలో. సమ్మర్ సేల్‌లో 26,490కి ఫ్రిజ్ బుక్ చేశాను, డబ్బులు మొత్తం ముందే కట్టేశాను. మే మొదటి వారంలో వస్తుందన్నారు. ఆ తేదీ రాగానే యాప్‌లో ఇంకో తేదీ, అది దాటాక మరోటి. మొన్న శనివారం అమ్మ, నేను ఇంట్లోనే ఉన్నాం, ఒక్క ఫోన్ రాలేదు, అయినా సాయంత్రం 'కస్టమర్ అందుబాటులో లేరు' అని మెసేజ్! పాత ఫ్రిజ్ ఎక్స్చేంజ్‌లో వద్దన్నారని స్క్రాప్ వాడికి ఇచ్చేశాం, ఈ ఎండల్లో పొద్దున కాచిన పాలు సాయంత్రానికి విరుగుతున్నాయి. కస్టమర్ కేర్‌కి చేస్తే "మీరే క్యాన్సిల్ చేసుకోండి సార్, రిఫండ్ వస్తుంది" అంటారు. అదే మోడల్ ఇప్పుడు 30 వేలు దాటింది, నేనెందుకు క్యాన్సిల్ చేయాలి? లాయర్ని పెట్టుకునేంత ఓపిక లేదు.

కిరాయిదారు_40
అన్నా, క్యాన్సిల్ మాత్రం నొక్కకు. నొక్కితే కస్టమరే వద్దన్నాడని రికార్డులో పడుతుంది, రేపు ఎక్కడికి పోయినా వాళ్లు చూపించేది అదే. డెలివరీ వాళ్లు ఫోన్ చేసి ఓటీపీ అడిగినా మెసేజ్ మొత్తం చదువు, ఒక్కోసారి అది క్యాన్సిలేషన్ ఓటీపీ అయి ఉంటుంది. తేదీ మారిన ప్రతిసారీ స్క్రీన్‌షాట్ తీసిపెట్టు. ఆ శనివారం కాల్ రాలేదని కాల్ లిస్ట్ కూడా.

తర్వాత చాట్‌లో కొట్లాడటం ఆపి, వాళ్ల సైట్ అడుగున గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) పేరు, మెయిల్ ఉంటాయి, అక్కడికి రాయి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆ ఆఫీసర్ 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. చెప్పిన తేదీ దాటి వచ్చిన వస్తువుని వెనక్కి తీసుకోనని, రిఫండ్ ఇవ్వనని సెల్లర్ అనకూడదు కూడా, తుఫాను లాంటి చేతిలో లేని కారణమైతే తప్ప. ఇక్కడ అలాంటిదేం లేదుగా.

కోఠి_బేరగాడు
ఇవన్నీ కరెక్టే కానీ నెల రోజులు ఫ్రిజ్ లేకుండా ఇంట్లో పెద్దావిడ ఏం చేస్తారండీ? నేనైతే రిఫండ్ తీసుకుని కోఠిలో కొనేస్తా, సాయంత్రానికి ఇంట్లో దింపి పోతారు. మూడు నాలుగు వేల కోసం ఇంత టెన్షన్ అవసరమా.

చిక్కడపల్లి_వాసి (అడిగినవారు)
ఆ మూడు నాలుగు వేలే కదండీ వాళ్లూ మిగుల్చుకోవాలని చూసేది. వాళ్లంతట వాళ్లే క్యాన్సిల్ చేసేస్తే ఏంటి పరిస్థితి?

నాంపల్లి_ఫైల్
చేయనివ్వండి, అది మీకే మంచిది. డబ్బు వెనక్కిచ్చినంత మాత్రాన జరిగిన నష్టం అడిగే హక్కు పోదు. వాషింగ్ మెషిన్ విషయంలో నాకూ ఇదే గోల. 1915కి ఫోన్ చేశాను, తెలుగులోనే మాట్లాడారు, డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) ఇచ్చారు. ఆ 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, కంపెనీకి ఆర్డర్ వేసే అధికారం లేదు, కాకపోతే కంపెనీలో వేరే టీమ్ కదులుతుంది, నా విషయంలో అక్కడే తెగింది.

తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మనది నాంపల్లి, ఎంజే రోడ్డు చంద్రవిహార్‌లో. ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే వేయొచ్చు. 5 లక్షల లోపు సరుకుకి ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే చోటే కేసు. ధరలో తేడా, మానసిక వేదన, ఖర్చులు అన్నీ అడగండి, అడిగినంతా ఇస్తారని మాత్రం అనుకోకండి. వాయిదాలు పడతాయి, అందుకే కోఠి అన్నగారి మాట కూడా పూర్తిగా కొట్టిపారేయలేం.

మెహదీపట్నం_అక్క
ఒక ముక్క. కస్టమర్ కేర్ నంబర్ గూగుల్లో వెతకొద్దు తమ్ముడూ, యాప్‌లో ఉన్నదే వాడు. మా బావగారు అలా వెతికి ఫోన్ చేస్తే రిఫండ్ కోసమని ఏదో యాప్ వేయించి ఖాతా ఊడ్చేశారు. అలాంటిది జరిగితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. ఇంతకీ కట్టింది కార్డుతోనా, యూపీఐనా?

చిక్కడపల్లి_వాసి
క్రెడిట్ కార్డు అక్కా, ఈఎంఐ. మొదటి వాయిదా కూడా పోయింది.

మెహదీపట్నం_అక్క
అయితే బ్యాంకుకి కూడా రాయి, సరుకు అందలేదని డిస్ప్యూట్ వేయొచ్చు. దానికి గడువుంటుంది, ఆలస్యం చేయకు. రేపు రిఫండ్ వచ్చినా ఈఎంఐ దానంతటదే ఆగిందనుకోకు, ఫోన్ చేసి రద్దు చేయించుకో, లేదంటే వడ్డీ నీ నెత్తిన పడుతుంది.