అప్‌డేట్: గుడ్డ పువ్వు బ్రోచ్ ముందుకు వాలడం ఆగింది

మిగిలిపోయిన గుడ్డముక్కలతో కుట్టిన పువ్వు బ్రోచ్‌లు పెట్టుకున్న కాసేపటికే తల వాల్చేస్తున్నాయనీ, వెనక పిన్ను ఊడొస్తోందనీ ఇక్కడ అడిగాను కదా. సమస్య తీరింది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ఇదే వెతుక్కుంటూ వచ్చేవాళ్ల కోసం రాస్తున్నా.

పనిచేసింది పిన్ను పైకి జరపమన్న సలహా. పిన్ను సరిగ్గా నడిమధ్యలో ఉంటే పువ్వు బరువులో సగం దానికి పైనే ఉండి, ముందుకు లాగుతుంది. అడ్డంగానే ఉంచి, పై అంచు నుంచి మూడో వంతు దగ్గరికి మార్చాక బుద్ధిగా నిలబడింది.

పిన్ను ఊడిపోవడానికి మందు ఫెల్ట్ (నేత లేకుండా ఒత్తి చేసే మందపాటి గుడ్డ). పువ్వు కన్నా కాస్త చిన్నగా, గుండ్రంగా కత్తిరించి రెండు చిన్న గాట్లు పెట్టాను. పిన్నుకి అడుగున ఉండే పట్టీ ఫెల్ట్‌కి లోపలివైపే ఉంటుంది. కొక్కెం ఒక గాటులోంచి, సూది మొదలు రెండో గాటులోంచి బయటికొస్తాయి. పట్టీకున్న చిల్లుల్లోంచి దారం పోనిచ్చి ఫెల్ట్‌కి గట్టిగా కుట్టేశాను. ఆ తర్వాతే ఫెల్ట్‌ని పువ్వు వెనక పెట్టి, అంచు చుట్టూ దగ్గర దగ్గరగా కుట్లు వేశాను. ఇప్పుడు లాగితే గుడ్డ చిరగాలి గానీ పిన్ను రాదు.

గ్లూ మార్చే అవసరమే రాలేదు, జిగురు పూర్తిగా మానేశా. రేకులు తగ్గించమన్నారు, అదీ అక్కర్లేకపోయింది (నాకు నిండుగా ఉంటేనే ఇష్టం). గంజి పెడితే రేకులు బిరుసెక్కాయి తప్ప వాలడం ఆగలేదు.

జార్జెట్ లాంటి పల్చటి బట్ట మీద మాత్రం బ్రోచ్ బాగానే ఉన్నా బట్టే కిందికి సాగుతుంది. అలాంటప్పుడు లోపలివైపు చిన్న ఫెల్ట్ ముక్క పెట్టి, రెండూ కలిపి పిన్ను గుచ్చుతున్నా.