యారి బల్లెం మొన: నకాగో మీది తుప్పు తీయాలా?

ప్రశ్న (విజయవాడ):
ఎడో కాలం (1603–1868) నాటిదిగా చెబుతున్న జపాన్ యారి మొన ఒకటి మా దగ్గరుంది. ముక్కోణపు రకం, పొడవు 18 సెం.మీ. కర్రలోకి దిగే నకాగో అంతకంటే పొడవు. దాని మీద సంతకం ఉంది గానీ తుప్పులో సగం కనబడట్లేదు. వానలు మొదలయ్యాక మొన మీద ఎర్ర చుక్కలు లేస్తున్నాయి. ఏ నూనె రాయాలి? నకాగోని ఎమరీ పేపర్‌తో రుద్దొచ్చా?

జవాబు (గుంటూరు):
నకాగో జోలికి వెళ్లకండి సార్. వయసు అంచనాకి ఆ నల్లటి తుప్పే మొదటి ఆధారం. ఎమరీ పెడితే సంతకం అంచులూ, తయారీలో పెట్టిన ఆకురాయి గీతలూ కలిసే పోతాయి, మళ్లీ రావు. సంతకం చదవాలంటే చీకట్లో టార్చి పక్కనుంచి, బాగా వాలుగా వేసి ఫొటో తీయండి. గీతల్లో నీడ పడి అక్షరాలు తేలతాయి.

మొనకైతే ముందు పాత నూనె తీసేయాలి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి టిష్యూతో, మెడ నుంచి కొన వైపే, మూడు ముఖాలూ విడివిడిగా తుడవండి. టిష్యూని అంచు చుట్టూ మడిచి లాగితే వేలు తెగుతుంది. వెడల్పు ముఖం గాడిలో పాత ఎర్ర లక్క ఉంటే అక్కడ రుద్దొద్దు, పెచ్చులూడుతుంది. ఆరాక కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు టిష్యూ మీద వేసి పామండి. తడి మెరుపు కనబడిందంటే ఎక్కువైనట్టే. కొబ్బరినూనె, ఆముదం జిగురై దుమ్ము పట్టుకుంటాయి. జపాన్ కత్తులకి రాసే చోజీ నూనెకి లవంగం వాసన ఉంటుంది కదా అని ఉత్త లవంగ నూనె మాత్రం రాయకండి. ఇప్పుడు అమ్మే చోజీలో ఎక్కువ భాగం మినరల్ నూనే.

జవాబు (విజయవాడ నుంచే మరొకరు):
చుక్కలు గోకొద్దండీ. నూనె పొర ఉంటే అవి పెరగకుండా ఆగుతాయి. పూర్తిగా పోవాలంటే జపాన్ పద్ధతి తెలిసిన తొగిషి (కత్తులు సానబట్టే నిపుణుడు) చేతిలోనే పోవాలి. మామూలు సాన పట్టిస్తే ముఖాల మధ్య పదునైన అంచులు గుండ్రమైపోతాయి, హమోన్ (గట్టిపరచిన అంచు వెంట కనబడే తెల్లటి గీత) మాసిపోతుంది. అప్పుడది ఉత్త ఇనుప ముక్క.

తోలు ఒరలో పెట్టొద్దు, తోలు శుద్ధి చేసిన రసాయనాలు ఉక్కుని తింటాయి. ప్లాస్టిక్ కవరూ వద్దు, ఏసీ గదిలోంచి బయటికి తెస్తే లోపల చెమ్మ పడుతుంది. షిరాసాయా (పూత లేని చెక్క ఒర) లేకపోతే ఉతికిన నూలుగుడ్డ చుట్టి, సిలికా జెల్‌తో పెట్టెలో అడ్డంగా ఉంచండి. కృష్ణ ఒడ్డు ఊరు కాబట్టి వానాకాలం నెలకోసారి తీసి చూడాలి.

ప్రశ్న (విజయవాడ):
నకిలీ కాదని ఎలా తెలుస్తుంది? జపాన్ నుంచి ఇంకోటి తెప్పించొచ్చా?

జవాబు (గుంటూరు):
ఆమ్లంతో చేసిన హమోన్ పైపూతలా చదునుగా, ఒకే తెలుపులో ఉంటుంది. అసలుదైతే దీపం కింద తిప్పుతుంటే గీత లోపల సన్నటి మెరుపు చుక్కలు కదులుతాయి. నకాగో అంతటా ఒకేలా నారింజ తుప్పు, దాని కింద తాజా ఆకురాయి గీతలు ఉంటే అనుమానించండి. తెప్పించడమంటారా, మన 2016 ఆయుధ నిబంధనల జాబితాలో బల్లేలూ ఉన్నాయి. డబ్బు కట్టకముందే పోలీసు కమిషనరేట్‌లో లైసెన్సు సంగతి అడగండి. జపాన్ వైపు 15 సెం.మీ. లేదా అంతకంటే పొడవైన యారికి రిజిస్ట్రేషన్ ఉండాలి, దేశం దాటించడానికి అక్కడి సాంస్కృతిక వ్యవహారాల సంస్థ కాగితం కావాలి. ఆ కాగితం చూపని అమ్మకందారు దగ్గర కొనకండి.