రోటాక్స్ 582: నేల మీద బాగానే ఉంది, ఎగిరితే ఒక సిలిండర్ ఈజీటీ (ఎగ్జాస్ట్ వాయువు వేడి) ఎక్కుతోంది. మెయిన్ జెట్ (పెట్రోల్ కొలిచి వదిలే రంధ్రం) మార్చాలా?

బెజవాడ_ట్రైక్
టూ సీటర్ ట్రైక్ (రెక్క కింద వేలాడే తేలికపాటి విమానం), రోటాక్స్ 582 టూ స్ట్రోక్ ఇంజన్, బింగ్ 54 కార్బురేటర్లు రెండు, సిలిండర్‌కి ఒకటి. కట్టేసి ఫుల్ థ్రాటిల్ ఇస్తే ఈజీటీ రెండు వైపులా 580 డిగ్రీల సెల్సియస్ దగ్గరే. ఎగిరి గంటకు 80 కిలోమీటర్లు దాటితే పీటీఓ వైపు (ప్రొపెల్లర్ వైపు సిలిండర్) 640కి పోతోంది, మ్యాగ్ వైపు (రెండో సిలిండర్) 590లోనే ఉంటోంది. పెట్రోల్ కాస్త పెంచుదామని రెండు కార్బుల్లోనూ నీడిల్ క్లిప్ ఒక గాడి కిందికి దించాం. నేల మీద పొగ ఎక్కువైందే తప్ప గాలిలో తేడా అలాగే ఉంది. ఫ్లోట్ బౌల్ (కార్బు కింద పెట్రోల్ నిలిచే గిన్నె) వెంట్లకి, అంటే గాలి రంధ్రాలకి, ఆటోనగర్‌లో కొన్న తెల్ల ప్లాస్టిక్ ట్యూబు వేశారు. పీటీఓ వైపుది పొడుగ్గా కిందికి వేలాడుతోంది, చివర ఏటవాలుగా కోసి ఉంది. మెయిన్ జెట్ ఒక సైజు పెంచమంటారా?

నీడిల్_క్లిప్
జెట్ జోలికి పోకండి. జవాబు మీరు వెంట్ ట్యూబు గురించి రాసిన రెండు వాక్యాల్లోనే ఉంది.

పెట్రోల్ జెట్‌లోంచి పైకి లేచేది వెంచురీ (కార్బులో గాలి పోయే ఇరుకు గొంతు) పీల్చినందుకు మాత్రమే కాదు, బౌల్‌లో పెట్రోల్ మీదున్న గాలి కిందికి నొక్కుతుంది కాబట్టి కూడా. ఆ గాలి వచ్చేది వెంట్ ట్యూబులోంచే. ట్యూబు చివర గాలివాటులో ఉండి, కోత వెనక్కి తిరిగి ఉంటే, అది బౌల్‌లోని గాలిని లాగేస్తుంది. నొక్కుడు తగ్గి పెట్రోల్ తక్కువ వస్తుంది, మిక్స్చర్ లీన్ అవుతుంది, ఈజీటీ ఎక్కుతుంది. అదే కోత ముందుకి తిరిగితే పెట్రోల్ ఎక్కువై రిచ్ అవుతుంది. గంటకు 80 కిలోమీటర్ల దగ్గర ఎదురుగాలి ఒత్తిడి 280 పాస్కల్ దాకా ఉంటుంది, పెట్రోల్ మట్టంలో చెప్పాలంటే దాదాపు 4 సెంటీమీటర్లు. ఫ్లోట్ మట్టం ఒకట్రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితేనే కంగారు పడతాం కదా, లెక్క మీరే వేసుకోండి. కోత దగ్గర పుట్టే లాగుడు అంత ఉండకపోవచ్చు గానీ, పాక్షిక థ్రాటిల్‌లో అందులో సగం చాలు. నేల మీద ఆ వేగపు గాలి లేదు కాబట్టి తేడా బయటపడలేదు.

వేలాడే ట్యూబు తీసేయండి. ప్రతి కార్బుకీ రెండు పక్కలా వెంట్ నిపుల్స్ ఉంటాయి. రెంటినీ ఒకే ముక్కతో పైనుంచి వంపుగా కలిపి, వంపు మధ్యలో చిన్న వి ఆకారపు కోత పెట్టండి. రెండు కార్బులకీ ఒకే పొడవు, కోత ఒకే వైపు. అది ఎయిర్ ఫిల్టర్ పక్కనే ఉండాలి, ఫిల్టర్ ఏ గాలిలో ఉందో కోత కూడా అదే గాలిలో. ప్రొపెల్లర్ లాగే గాలి నేరుగా తగలకూడదు.

582కి ఈజీటీ పరిమితి 650. మీరు 640లో ఉన్నారు, పిస్టన్ పట్టేయడానికి ఎంతో దూరం లేదు. సరిచేసేదాకా ఎగరకండి.

గుంటూరు_912
రోటాక్స్ 912 (ఫోర్ స్ట్రోక్ ఇంజన్) వాళ్ళు ఇది చదివి అదే చెయ్యకండి. దాని బింగ్ 64 కార్బులకి ఎయిర్‌బాక్స్ (గాలి అందించే పెట్టె) ఉంటే వెంట్ ట్యూబులు ఆ ఎయిర్‌బాక్స్‌కే కలపాలి, లోపలి ఒత్తిడే బౌల్‌కీ అందాలి. విడి ఫిల్టర్లయితే గాలి కదలని చోట వదలాలి. ఫైర్‌వాల్ (ఇంజన్ వెనక గోడ) కిందికో, కౌలింగ్ (ఇంజన్ మూత) బయటికో లాక్కెళ్ళొద్దు.

వెంట్‌లోంచి పెట్రోల్ కారుతుంటే కొందరు ట్యూబు మూసేస్తారు. అంతకన్నా ఘోరం లేదు. కారడానికి కారణం ఫ్లోట్ గానీ, నీడిల్ వాల్వ్ గానీ, పంపు ఒత్తిడి గానీ. బౌల్ క్లిప్పు తప్పించి రెండు ఫ్లోట్లూ తీసి కలిపి తూచండి. 7 గ్రాములు దాటితే పెట్రోల్ తాగేసినట్టే, జత మార్చాలి. కార్బు కింద డ్రిప్ ట్రే కూడా చూడండి, దిగువన ఉండేది ఎగ్జాస్ట్.

కుమ్మరి_పురుగు
నా పేరే నా జవాబు. మూలపడి ఉన్న బండి వెంట్‌లో, ట్యాంకు వెంట్‌లో ఈ పురుగు మట్టి గూడు పెడుతుంది. ఎగిరే ముందు ట్యూబు ఊడదీసి నోటితో ఊదండి, గాలి ధారాళంగా పోవాలి. బౌల్ వెంట్ మూసుకుంటే ఫుల్ థ్రాటిల్‌లో వెంటనే తెలుస్తుంది. ట్యాంకు వెంట్ అయితే కాసేపటికి ఇంజన్ మెల్లగా చచ్చుబడుతుంది, మూత తీస్తే బుస్సుమంటుంది.

ఆ తెల్ల ట్యూబు కూడా మార్చండి. మే నెల బెజవాడ ఎండకి మెత్తబడి వంపు దగ్గర నొక్కుకుపోతుంది, పెట్రోల్ ఆవిరికి కొన్నాళ్ళకి పుల్లలా గట్టిపడుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ 20 శాతం కలిపిన పెట్రోల్. ఇథనాల్‌కి తట్టుకునే రబ్బరు ఫ్యూయల్ హోస్ అడగండి, సిలికాన్ వద్దు.

బెజవాడ_ట్రైక్
రెండు వైపులా వంపు ట్యూబు వేస్తున్నాం. క్లిప్ ఇప్పుడున్న గాడిలోనే ఉంచి చూడనా?

నీడిల్_క్లిప్
వద్దు, రెండు కార్బుల్లోనూ పాత గాడికి తెచ్చాకే చూడండి. ముందు నేల మీద కట్టేసి రెండు ఈజీటీలూ మళ్ళీ 580 దగ్గరికి వచ్చాయో లేదో రాసుకోండి. తర్వాత రన్‌వే మీదే ఎత్తు తీసుకుని, గంటకు 60, 70, 80 కిలోమీటర్ల దగ్గర ఒక్కో నిమిషం నిలిపి చదవండి. తేడా వేగంతో పెరగకుండా ఉంటే పని అయినట్టే. ఇంకా పెరుగుతుంటే ఈజీటీ ప్రోబులు రెండూ అటుదిటు మార్చండి, తేడా ప్రోబు వెంట పోతే తప్పు ప్రోబుదో గేజీదో.