నన్ను ఆదరించునా, ఆధరించునా?

నాయనమ్మ మనవడు:
మా నాయనమ్మ పోయిన నెల ప్రభువునందు నిద్రించింది. ఆర్నెల్లు క్యాన్సర్‌తో మంచం మీదే. చివరి వారం మమ్మల్ని కూడా సరిగ్గా గుర్తుపట్టలేదు గానీ, 23వ కీర్తనలో ఆ ఒక్క ముక్క మాత్రం గొణుగుతూనే ఉంది: "నీ దుడ్డుకర్రయు నీ దండమును నన్ను ఆధరించును." ధ ఒత్తి మరీ పలికేది. సమాధి రాయి మీద అదే వాక్యం చెక్కిద్దామన్నారు నాన్న. బైబిల్ తీస్తే అందులో "ఆదరించును" అని ఉంది, ఒత్తు లేదు. అత్తయ్యేమో "అమ్మ ఎట్లా అనేదో అట్లాగే ఉండాలి" అని పట్టుబట్టింది. చెక్కేవాడు "ఒత్తుకి ఎక్స్‌ట్రా తీసుకోను గానీ శనివారంలోగా తేల్చండి" అన్నాడు. ఎవరైనా ధతో ఉన్న పాఠం చూశారా?

రిటైర్డ్ పండిట్:
ఒత్తు ఉండే వీల్లేదు బాబూ. ఆదరం వేరు, ఆధారం వేరు. మొదటిది దృ ధాతువు, రెండోది ధృ. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఈ రెంటి మధ్య ఎర్రసిరా ఒలకబోస్తూనే ఉన్నాను. ప్రజాదరణ, ప్రేక్షకాదరణ అంటాం. వీటిలో ధ ఎవరైనా రాస్తారా? (రాస్తారు. సినిమా పోస్టర్ మీద చూశాను. అది వేరే ఏడుపు.)

గోదారి గట్టు:
మాస్టారూ, ఒక్క నిమిషం. కర్ర చేసే పనేంటండి? ఆనుకోడానికి ఆసరా. కర్ర మనిషిని గౌరవిస్తుందా, సన్మానిస్తుందా? మా వైపు అన్నంలోకి నంజుకునేదాన్ని ఆధరువు అంటాం. అదీ ఆధారమే, అది లేకపోతే ముద్ద దిగదు. నాయనమ్మ గారే కరెక్టు. అచ్చువేసినవాళ్లు ఒత్తు మింగేశారు.

రిటైర్డ్ పండిట్:
అది ఆదరువు. ఒత్తు మీరు తగిలించింది.

గోదారి గట్టు:
నిఘంటువు రాసినాయన మా ఇంట్లో ఒక్కపూట భోంచేసుంటే ఆ ఒత్తు పెట్టేవాడండి.

కడప కారం:
ద, ధ సంగతి తర్వాత. ముందు దుడ్డుకర్ర సంగతి చెప్పండప్పా. మాకు దుడ్లంటే డబ్బులు. సండే స్కూల్లో ఈ కీర్తన కంఠతా పట్టినప్పుడు, దేవుని దగ్గర దుడ్లు రాల్చే కర్ర ఒకటుంటాదనే అనుకున్యా. ఎనిమిదో తరగతి దాకా అదే నమ్మకం. మా జేజికి చెప్తే "అదే ఉంటే మన అప్పులెందుకుంటాయిరా" అనింది.

హీబ్రూ క్లాసు:
కడప అన్నా, దుడ్డుకర్ర అంటే లావుపాటి కర్ర, తోడేళ్ల కోసం. రెండోది చేతికర్ర. హీబ్రూలో ఆ రెండో మాట "మిష్ఎనెత్". దాని ధాతువుకి ఆనుకోవడమనే అర్థం. కాబట్టి గోదారి గారికి అరమార్కు వేస్తున్నాను. మిగతా అర వేయలేను. ఎందుకంటే క్రియ ఆసరా ఇవ్వడం కాదు, "నాఖమ్", అంటే ఓదార్చడం. ఆ ధాతువునే మనవాళ్లు ఒక్కోచోట ఒక్కోలా తెలుగు చేశారు. యెషయా 40లో "ఓదార్చుడి ఓదార్చుడి". 119వ కీర్తనలో "నా బాధలో ఇదే నాకు నెమ్మది కలిగించుచున్నది". ఇక్కడ ఆదరించు. నా ఓటు నెమ్మదికే. నొప్పి తగ్గకపోయినా నెమ్మది రావచ్చు.

రిటైర్డ్ పండిట్:
అమ్మా, అసలు చిక్కు మీరే ముందుకు తెచ్చారు. చర్చి బయట తెలుగులో ఆదరించడమంటే మన్నించడం, చేరదీయడం. ఓదార్చడమనే అర్థం చర్చి తెలుగులోనే కదా వినిపిస్తుంది?

నాయనమ్మ మనవడు:
నిజమే సార్. మా ఇంటి ముందు "ఆదరణ కూడిక" అని ఫ్లెక్సీ కడితే మా ఆఫీసులో ఒకాయన చూసి, "ఎవరికండీ సన్మానం?" అని అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు. సమాధి చేసి వచ్చాక అందరూ కూడి, పాటలు పాడి, వాక్యం చెప్పి, భోజనం పెట్టడాన్ని వేరే ఏ పేరుతో పిలవాలి?

హీబ్రూ క్లాసు:
యెషయా 66 చూడండి పండిట్ గారూ. "ఒకని తల్లి వానిని ఆదరించునట్లు నేను మిమ్మును ఆదరించెదను." ఏడ్చే పిల్లాణ్ణి తల్లి గౌరవిస్తుందా, చంకనెత్తుకుంటుందా? మీ చేరదీయడమే అక్కడ ఓదార్పు అయ్యింది. ఇంకోటి, యోబు తన ఫ్రెండ్స్‌ని పట్టుకుని "మీరందరు బాధకే కర్తలుగాని ఆదరణకు కర్తలు కారు" అంటాడు. పరామర్శకని వచ్చి "ఏ పాపం చేశావో" అని ఆరా తీసేవాళ్లకి అంతకన్నా మంచి మాట నాకు దొరకలేదు.

రిటైర్డ్ పండిట్:
"ఆదరణకు కర్తలు కారు." బాగుంది, ఒప్పుకుంటున్నాను. యోహాను సువార్తలో ఆదరణకర్త అన్నదీ ఇదే లైనేనా?

హీబ్రూ క్లాసు:
అది గ్రీకు, "పరాక్లేతొస్". తమాషా ఏంటంటే అదే మాటని యోహాను మొదటి పత్రికకి వచ్చేసరికి "ఉత్తరవాది" చేశారు, అంటే మన తరఫు లాయరు. ఏడ్చేవాడికి ఓదార్పు కావాలి, కేసులో ఇరుక్కున్నవాడికి లాయరు కావాలి. రెండూ ఒకే మాటలో ఇమిడేది తెలుగులో లేదు.

గోదారి గట్టు:
ఉంది. "ఆధారం".

వినుకొండ వాసి:
ఇంత చర్చలో జాషువా పేరెత్తలేదంటే మా ఊరివాడిగా నాకు బాధేస్తోంది. 1895లో మా దగ్గర పుట్టినాయన. క్రీస్తు చరిత్ర రాసి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు తీసుకున్నాయన. అయినా చావు దగ్గర తెలుగువాళ్లు కులమతాలు చూడకుండా పాడుకునేది ఆయన శ్మశానవాటి పద్యాలే. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను వచ్చిందంటే అవే. అందులో మాత్రం ఓదార్పు ముక్క ఒక్కటీ లేదు చూడండి. "ఇచ్చోటనే సత్కవీంద్రుని కమ్మని కలము నిప్పులలోన గరగిపోయె." అంతే, కలం కరిగిపోయింది.

రిటైర్డ్ పండిట్:
"ఇచ్చోటనే" కాదు. "ఇచ్చోటన్, ఏ సత్కవీంద్రుని". ఏ కవిదో కలం అని. ఇక్కడే అని నొక్కి చెప్పడం కాదు.

వినుకొండ వాసి:
స్టేజీ మీద పద్యం విన్నారా మాస్టారూ? నటుడు ఇచ్చోటనే దగ్గర చెయ్యి కిందికి చూపిస్తాడు. ఇక్కడే, ఈ బూడిదలోనే అని.

రిటైర్డ్ పండిట్:
చెయ్యి చూపించేది హార్మోనియం వాడికి, శ్రుతి పెంచమని.

రాత్రి డ్యూటీ:
నేను నర్సుని, భాష సంగతి నాకు పెద్దగా తెలియదు. క్యాన్సర్ వార్డులో ఈ కీర్తన చెప్పుకునేవాళ్లని చాలామందిని చూశాను. ఒక మాట అడగొచ్చా? నాయనమ్మ గారికి ఆక్సిజన్ మాస్క్ ఉందా? మాస్క్ లోపల్నించి మాట్లాడితే ఊపిరంతా మాటలోకి వచ్చేస్తుంది. ద అన్నా ధ లాగే వినిపిస్తుంది, గ అన్నా ఘ లాగే. మా వార్డులో అందరూ మహాప్రాణాలే పలుకుతారు.

నాయనమ్మ మనవడు:
చివరి నాలుగు రోజులూ మాస్క్ ఉందండి. అంతకుముందు ఎలా పలికేదో ఇప్పుడు ఎంత గుర్తుచేసుకున్నా రావడం లేదు. చిన్నప్పుడు రాత్రిళ్లు పక్కలో పడుకోబెట్టుకుని చెప్పేది. గాఢాంధకారపు లోయ దగ్గర గొంతు తగ్గించేదని గుర్తుంది, చెయ్యి నా వీపు మీద ఉండేదని గుర్తుంది. ఆ అక్షరం మాత్రం గుర్తు లేదు. అత్తయ్యని అడిగితే "నా పెళ్లినాటికే ధ" అంటోంది.

హీబ్రూ క్లాసు:
లోయ అన్నారు కాబట్టి ఒక చిన్న మాట. ఇంగ్లిష్ కింగ్ జేమ్స్‌లో అది మరణచ్ఛాయ లోయ. మనవాళ్లు అక్కడ మరణం మాట ఎత్తకుండా గాఢాంధకారం అన్నారు. మత్తయి 4లో మాత్రం మరణచ్ఛాయ అనే వేశారు. దీని మీద వేరే చర్చే పెట్టొచ్చు.

కడప కారం:
పెట్టండి. దుడ్డుకర్ర మీద నాకు ఇంకా డౌటుంది, దుడ్డె అంటే బర్రెదూడ కదా, దాన్ని తోలే కర్ర ఎందుకు కాకూడదు?

నాయనమ్మ మనవడు:
శనివారం అయిపోయింది. నాన్న బైబిల్ పట్టుకుని నిలబడి ద చెక్కించారు. అత్తయ్య ఇంకా రాయి చూడలేదు, ఆదివారం వస్తుంది.

వినుకొండ వాసి:
మంచిది బాబూ. మాస్టారూ, ఆ "ఏ సత్కవీంద్రుని" అన్నది ఏ ముద్రణలో చూశారో చెప్పకుండా వెళ్లిపోయారు.